మీ పిల్లల సైన్సు రికార్డు ఎలా చదవాలి: బెంగళూరులో ఉన్న అమ్మానాన్నల కోసం

మా అమ్మాయి ఆరో తరగతి రికార్డులో నీళ్లు మరిగిన ఉష్ణోగ్రత 97 డిగ్రీలు అని రాసింది. ఆ 97ని ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన 100 వేసి పంపారు. స్కూలు పేరు ఎందుకులెండి, ఇలాంటిది మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది, మనం గమనించి ఉండం. నాకూ మొదట పట్టలేదు, "సరే 100 అని దిద్దుకో" అనేశాను. "కానీ అమ్మా, నేను చూసినప్పుడు 97 దగ్గరే ఆగిపోయింది కదా" అంది.

నేను పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. మా పనిలో రెండు గడులుంటాయి, రావాల్సింది ఒకదాంట్లో, వచ్చింది ఇంకోదాంట్లో. 'రావాల్సింది' చూసి 'వచ్చింది' గడి నింపేవాడిని మేము మర్నాడే ఇంటికి పంపిస్తాం. అదే పని పదకొండేళ్ల పిల్ల చేత సైన్సు పేరుతో చేయిస్తున్నానా అని ఆ రాత్రి కొంచెం సిగ్గుపడ్డాను. ఆ తర్వాత స్కూలు వాళ్లు ఇచ్చే కాగితాలన్నీ తీసి చదవడం మొదలుపెట్టాను. అలా నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను, మీరు పీటీఎంకి (పేరెంట్-టీచర్ మీటింగుకి) వెళ్లే ముందు ఒకసారి చూసుకుంటే చాలు.

ముందు 97 సంగతి

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే నీళ్లు తొందరగా, అంటే తక్కువ వేడికే మరుగుతాయి. సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున లెక్క వేసుకుంటే ఇక్కడ 97 దగ్గర మరగాలి. మరిగింది. పుస్తకంలో ఉన్న 100 సముద్రమట్టం దగ్గర మాట. కుక్కర్ లేకుండా పప్పు పెడితే గుంటూరులో కంటే ఇక్కడ ఆలస్యంగా ఉడుకుతుందని మా అమ్మ ప్రతిసారీ మా కందిపప్పుని తిట్టేది, పాపం ఆ పప్పు తప్పేం లేదు.

అయితే పిల్ల చెప్పింది కాబట్టి నిజం అనుకోవడం కూడా సైన్సు కాదు. థర్మామీటరే తప్పు చూపిస్తుండొచ్చు కదా. అందుకని గ్లాసులో ఐసు ముక్కలు, కొంచెం నీళ్లు వేసి అందులో థర్మామీటర్ పెట్టాం, సున్నా దగ్గర నిలబడింది. అంటే కింది చివర బాగానే ఉంది. తర్వాత గిన్నెలో నీళ్లు మరిగించి, బల్బు గిన్నె అడుగుకి తగలకుండా పట్టుకుని మూడుసార్లు చూశాం. 97, 97, 96 అర. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అదే థర్మామీటర్ సంచిలో వేసుకుని వెళ్లి అమ్మ వంటింట్లో చూస్తే వందకి ఆనుకుని ఆగింది. మా అమ్మాయి మొహం చూడాలి మీరు.

(ఇది మీరూ చేయాలనుకుంటే ల్యాబ్ థర్మామీటరే కొనండి, పాదరసం కాకుండా లోపల ఎర్ర ద్రవం ఉండేది. జ్వరం చూసే దాన్ని మరిగే నీళ్లలో పెడితే పగిలిపోతుంది, అది నలభై రెండు డిగ్రీల దాకానే చూపిస్తుంది. గిన్నె మాత్రం మీరే పట్టుకోండి.)

ఇప్పుడు మన స్కూళ్లు బ్రోచర్లలో రాసుకునే హ్యాండ్స్-ఆన్ లెర్నింగ్ అంటే పిల్ల చేతికి థర్మామీటర్ ఇవ్వడం ఒక్కటే కాదు. ఆ థర్మామీటర్‌లో పిల్ల ఏం చూసిందో అది రాయనివ్వడం.

కాగితం మీద ఏముంది

భయపడకండి, ఇది చదవడం అంత కష్టమేం కాదు. 2020లో కొత్త జాతీయ విద్యా విధానం వచ్చింది, దాన్ని పట్టుకుని 2023లో స్కూళ్లకి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. అందులో మూడు మెట్లు ఉంటాయి. పైన లక్ష్యాలు, వాటి కింద సామర్థ్యాలు (కాంపిటెన్సీలు), ఇంకా కింద అభ్యసన ఫలితాలు (లెర్నింగ్ అవుట్‌కమ్స్). ఆరు నుంచి ఎనిమిది తరగతుల సైన్సు లక్ష్యాల్లో పదార్థాలు, జీవులు, ఆరోగ్యం లాంటి మామూలు విషయాలతో పాటు శాస్త్రీయంగా విచారణ చేయడం, తను చూసిందీ తేల్చుకుందీ ఇతరులకి చెప్పగలగడం కూడా విడిగా లక్ష్యాలుగానే ఉన్నాయి. అంటే ప్రయోగం అనేది పాఠం అయిపోయాక టైముంటే చేసే సరదా కాదు, అదే ఒక పాఠం.

ఇది మనకి కొత్తా అంటే అదీ కాదు. మీ అన్నయ్య పిల్లలో తోడికోడలి పిల్లలో ఆంధ్రాలో, తెలంగాణలో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు చదివి ఉంటే, ఆ పాత సైన్సు పుస్తకం ఒకటి తెరిచి చూడండి. 'విద్యా ప్రమాణాలు' అని ఉంటాయి. విషయావగాహన, ప్రశ్నించడం పరికల్పన (ఇలా జరగొచ్చని ముందే ఊహ) చేయడం, ప్రయోగాలు క్షేత్ర పరిశీలనలు, సమాచార సేకరణ ప్రాజెక్టులు, బొమ్మలు గీయడం నమూనాలు చేయడం, అభినందించడం, నిజజీవిత వినియోగం, ఇలా. పాఠం చివర ప్రశ్న పక్కన అది ఎన్నో ప్రమాణమో చిన్న నంబరు కూడా వేశారు. లక్షలు ఫీజు కట్టే స్కూల్లో మనకి పీపీటీ వేసి చెప్పే మాట, ఊళ్లో జిల్లా పరిషత్ స్కూలు పుస్తకంలో ఏనాడో అచ్చయి ఉంది. అక్కడా జరిగిందా లేదా అనేది వేరే కథ.

కాగితం చదవడానికి నేను వాడే చిట్కా ఒకటే, క్రియ మీద పెన్సిల్‌తో గీత గీయడం. ఎన్సీఈఆర్టీ 2017లో ఎనిమిదో తరగతి దాకా అభ్యసన ఫలితాల పత్రం ఇచ్చింది. అందులో పిల్లలు ఏం చేయగలగాలో వాక్యం వాక్యంగా ఉంటుంది: గుర్తిస్తారు, తేడా చెబుతారు, వర్గీకరిస్తారు, కొలుస్తారు, తమ ప్రశ్నకి జవాబు కోసం చిన్న పరిశోధన చేస్తారు, వివరిస్తారు. మీ స్కూలు ఇచ్చిన టర్ము సిలబస్ తీసుకుని అదే పని చేయండి. నిర్వచించుము, పేర్కొనుము, ఖాళీలు పూరించుము తరహా మాటలే పేజీ నిండా ఉంటే బ్రోచర్‌లో ఏం రాసుకున్నా అక్కడ నడిచేది మన చిన్నప్పటి చదువే. 'కొలుస్తారు', 'పోల్చి చూస్తారు', 'కారణం ఊహిస్తారు' అని ఉంటే, మంచిది, ఇక అది నోటుబుక్కులో కనపడుతోందా అని చూడాలి.

మార్కుల సంగతి అడుగుతారని తెలుసు, మనం తెలుగువాళ్లం. సీబీఎస్ఈ పదో తరగతి సైన్సులో 80 రాత పరీక్షకి, 20 స్కూల్లో వేసేవి. ఆ 20లో ప్రాక్టికల్ పనికి వచ్చేది 5 మాత్రమే. అందుకే చాలామంది "అయిదు మార్కులకి ఇంత హడావుడా" అంటారు. కానీ ఆ 80 మార్కుల పేపర్లోనే ఇప్పుడు సగం ప్రశ్నలు సామర్థ్యాల మీద వస్తున్నాయి, ఒక పరిస్థితో, ఒక పట్టికో, ఒక గ్రాఫో ఇచ్చి దీన్నుంచి ఏం తేల్చగలవు అని అడుగుతారు. పట్టిక ఎప్పుడూ సొంతంగా నింపని పిల్లకి ఇచ్చిన పట్టిక చదవడం రాదు, గైడు బట్టీ పడితే వచ్చేది కాదది. ఐసీఎస్ఈలో కూడా పదికి 80, 20 పద్ధతే, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ విడివిడిగా.

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) స్కూలైతే మిడిల్ ఇయర్స్‌లో, అంటే సుమారు ఆరు నుంచి పది తరగతుల్లో, సైన్సుని నాలుగు కొలమానాల మీద చూస్తారు, ఒక్కోదానికి 8 పాయింట్లు: విషయం తెలుసుకోవడం, ప్రయోగం రూపొందించడం, వచ్చిన లెక్కల్ని విశ్లేషించడం, సైన్సు ప్రభావం గురించి ఆలోచించడం. రెండోది, మూడోది కలిపితే సగం. మొదటి దాంట్లో 7 వచ్చి రెండో దాంట్లో 3 వస్తే ట్యూషన్ పెట్టకండి, ఆ పిల్లకి కావలసింది ట్యూషన్ కాదు. కేంబ్రిడ్జ్ వాళ్ల పదో తరగతి లాంటి ఐజీసీఎస్ఈ అయితే ఒక్క మాట అడగండి, మా వాళ్లు ప్రాక్టికల్ పరీక్ష రాస్తారా, లేక దానికి బదులు ఉండే రాత పేపరా అని. రెండూ అనుమతి ఉన్నవే, కానీ రెండోది ఎంచుకున్న చోట ల్యాబ్ ఎంత వాడుతున్నారో కాస్త ఆరా తీయడం మంచిది.

రికార్డు తెరిచాక

మనం ఇంటర్‌లో రికార్డులు ఎలా రాశామో గుర్తుందా? సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని రాత్రి రెండింటి దాకా కాపీ. సాల్ట్ ఎనాలిసిస్‌లో వాసన చూసి, రంగు చూసి, ముందే ఏ సాల్టో కనిపెట్టేసి, తర్వాత వెనక్కి నడుచుకుంటూ పరీక్షలన్నీ చేసినట్టు రాయడం. నైట్రేట్ పరీక్షలో రావాల్సిన బ్రౌన్ రింగ్ మా బ్యాచ్‌లో ఎంతమందికి నిజంగా వచ్చిందో దేవుడికెరుక, రికార్డుల్లో మాత్రం అందరికీ వచ్చింది. కాబట్టి కాపీ రికార్డు ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికీ తెలియదు, ఆ తెలివి ఇప్పుడు వాడండి.

క్లాసులో నలభై మందికీ అవే అంకెలు వస్తే ఎవరూ కొలవలేదని అర్థం. నిజంగా కొలిచిన రికార్డులో కొట్టివేతలుంటాయి, మూడు రీడింగుల్లో ఒకటి కొంచెం పక్కకి ఉంటుంది, 'మొదటిసారి రాలేదు, మళ్లీ చేశాం' అనే వాక్యం ఎక్కడో ఉంటుంది. అందమైన చేతిరాత, గీతలు, పెన్సిల్ షేడింగు, ఇవన్నీ బాగుంటే సంతోషమే కానీ వాటికే స్టార్ ఇస్తున్నారా చూడండి.

పిల్లని అడగాల్సిన ప్రశ్న "ఈ రోజు ఏం నేర్చుకున్నావు" కాదు. దానికి "ఏం లేదు" అనే వస్తుంది, అందరి ఇళ్లల్లో. "ఈ రోజు నీ చేత్తో ఏం పట్టుకున్నావు?" అనండి. "మేడమ్ చూపించారు" అంటే ఒక రకం, "మా గ్రూపులో రిత్విక్ చేశాడు, నేను రాశాను" అంటే ఇంకో రకం. ఎప్పుడూ రాసే పిల్ల ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది, అందులో ఆడపిల్లలే ఎక్కువ, అది నేను చాలాసార్లు చూశాను.

పీటీఎంలో

పది నిమిషాలే ఇస్తారు, వెనకాల లైను ఉంటుంది. గొడవకి వెళ్లకండి. నలభై మంది, నలభై నిమిషాలు, పూర్తి చేయాల్సిన సిలబస్, పగిలితే జవాబు చెప్పుకోవాల్సిన గాజు సామాను, ఇన్ని పెట్టుకుని ఆ మేడమ్ నడుపుతున్నారు. మర్యాదగా మూడు అడగండి: ఈ టర్ములో పిల్లలు స్వయంగా చేసినవి ఎన్ని, మీరు చేసి చూపించినవి ఎన్ని అని ఒకటి. ఒక గ్రూపులో ఎంతమంది, పనులు మార్చుతారా అని ఒకటి. ఎనిమిది మంది గ్రూపైతే ఒకడు చేస్తాడు, ఇద్దరు చూస్తారు, మిగతా వాళ్లు క్రికెట్ మాట్లాడుకుంటారు. మూడోది అసలు ప్రశ్న: అనుకున్న ఫలితం రాకపోతే పిల్లలు ఏం రాయాలి మేడమ్?

ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబుతో ఆ స్కూలు సగం అర్థమైపోతుంది. "మళ్లీ చేయిస్తాం, రెండూ రాయమంటాం" అంటే మీ డబ్బులు వృథా కావడం లేదు. "అలా ఏం జరగదండీ, మా దగ్గర అన్నీ కరెక్టుగానే వస్తాయి" అంటే... ఏం చెప్పను.

97 సంగతి నేను ఫోన్లో ఐసు ఫొటో, మరిగే నీళ్ల ఫొటో చూపించి "మేడమ్, మా ఇంట్లోనూ ఇంతే వస్తోంది, ఎందుకంటారు?" అని అడిగాను, తప్పు మీదే అని అనలేదు. ఆవిడ ఒక్క క్షణం చూసి నవ్వారు. ఆన్సర్ కీలో 100 ఉంటే 100 వేసుకుంటూ పోయానండీ అన్నారు, నిజాయితీగా. తర్వాత రికార్డులో 97 పక్కన మళ్లీ టిక్కు పడింది. కొట్టివేత మీద టిక్కు, చూడటానికి అసహ్యంగానే ఉంటుంది, మా అమ్మాయి ఆ పేజీ ఎవరు వచ్చినా చూపిస్తుంది.

మీ స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ బోర్డు ఉంటే ఇంకో మాట కూడా అడగండి. పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి చూసుకోవడానికి 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం అది, ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా గ్రాంటు, ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం. బోర్డు ఉందా అని కాదు, మా అమ్మాయి క్లాసుకి వారంలో ఏ రోజు తాళం తీస్తారు అని అడగండి.

ఇంట్లో

ముందుగా ఒక విన్నపం, రాత్రి పదకొండింటికి థర్మాకోల్ సౌరకుటుంబం మీరు చేయకండి. నేను చేశాను, శని చుట్టూ వలయం కోసం పాత సీడీ కూడా కోశాను, మొదటి బహుమతి నాకే వచ్చింది. పిల్లకి వచ్చింది జిగురు అంటిన ఫ్రాక్ ఒక్కటే. అగ్నిపర్వతం చేయమంటే వంటసోడా, వెనిగర్ ఇచ్చి ఊరుకోకుండా "వెనిగర్ రెట్టింపు పోస్తే నురగ రెట్టింపు వస్తుందా?" అని ఒక్క ప్రశ్న పడేయండి, అక్కడితో మోడల్ కాస్తా ప్రయోగం అవుతుంది.

మా ఇంట్లో బాగా కుదిరింది ఇడ్లీ పిండి. డిసెంబరులో ఇక్కడ పిండి పులవదు, ఇది బెంగళూరులో ప్రతి తెలుగింటి బాధే. రెండు ఒకేలాంటి గాజు గ్లాసుల్లో ఒకే పిండి సగం సగం పోసి, పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేసి, ఒకటి బాల్కనీలో, ఒకటి స్విచ్ వేయని ఓవెన్‌లో వేడి నీళ్ల గిన్నె పక్కన పెట్టి, రెండు గంటలకోసారి ఎంత పొంగిందో స్కేలుతో కొలవమన్నాను. బాల్కనీది కదలనే లేదు, ఓవెన్‌ది పొద్దుటికి అంచు దాటి పొంగి కిందకి కారింది. మా అమ్మాయి "వేడికి పులుస్తుంది" అని రాసేయబోయింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది, నేను ఓవెన్ గ్లాసులోకి పోసే ముందే ఆ పిండిలో ఉప్పు వేశాను, బాల్కనీ దాంట్లో వేయలేదు. అంటే తేడా వేడి వల్ల వచ్చిందా, ఉప్పు వల్ల వచ్చిందా? చెప్పలేం. ఇంకో రాత్రి మొత్తం మళ్లీ చేశాం, ఈసారి ఉప్పు రెండింట్లోనూ సమానంగా. ఒకసారికి ఒక్కటే మార్చాలి అనే మాట పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కనిది, ఓవెన్ తుడుచుకున్న రోజు ఎక్కింది. మీ ఇంట్లో కూడా ఇలాంటి పొరపాటు జరిగితే చెప్పేయండి, దాచకండి.

ట్యాంకర్ నీళ్లతో, ఆర్వో నీళ్లతో, పట్టిన వాన నీళ్లతో సబ్బు నురగ పోల్చడం ఇంకోటి. బట్టల సబ్బు (డిటర్జెంట్ బిళ్ల కాదు, మామూలు సబ్బు) తురిమి కరిగించి ఒకే లెక్కన చుక్కలు వేయాలి, హ్యాండ్‌వాష్ అయితే తేడా సరిగా తెలియదు.

బయటికి తీసుకెళ్లాలంటే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం, చౌడయ్య రోడ్డులో నెహ్రూ ప్లానెటేరియం ఎలాగూ ఉన్నాయి. ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్లు ఏడాదికోసారి ఓపెన్ డే పెట్టి ల్యాబులు తెరుస్తారు, పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి కాలు పెట్టే సందు ఉండదు. అక్కడ పిల్ల ఒకే బల్ల దగ్గర అరగంట నిలబడితే చేయి పట్టి లాగకండి, మిగతావి చూడకపోతే కొంపలేం మునగవు. తీగలు, బల్బులు, చిన్న మోటార్లు కావాలంటే ఎస్పీ రోడ్డు.

పైసా ఖర్చు లేనిది నీడ. ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్నం 12:17 దగ్గర, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో 12:24 దగ్గర బెంగళూరులో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ మాయమవుతుంది. హైదరాబాద్‌కి ఆ రోజు మే 9 దగ్గర వస్తుంది. ఏప్రిల్‌లో సెలవులే కాబట్టి మేడ మీద మీటరు కర్ర పెట్టాం, అదే రోజు గుంటూరులో మా నాన్నని కూడా పెట్టమన్నాం. అక్కడ మిట్టమధ్యాహ్నం కొంచెం ముందే వస్తుంది కాబట్టి పన్నెండు నుంచి పావు దాకా అయిదు నిమిషాలకోసారి కొలిచి, అన్నింట్లోకి చిన్నది చెప్పమంది మనవరాలు. లెక్క ప్రకారం ఆరు సెంటీమీటర్ల దగ్గర రావాలి. ఆ ఆరు నుంచి భూమి చుట్టుకొలత లెక్కగట్టే పద్ధతి కూడా ఉంది, రెండువేల ఏళ్ల పైబడిన పద్ధతి, దానికోసమే ఇదంతా. తాతయ్య ఫోన్ చేసి "తొమ్మిదమ్మా" అన్నాడు.

తొమ్మిదే రాసింది. పక్కన 'కర్ర నిటారుగా ఉందో లేదో తాతయ్య చూడలేదు' అని కూడా రాసింది. మర్నాడు ఆయన దారానికి బోల్టు కట్టి, కర్ర పక్కన వేలాడదీసి, సరిచేసుకుని మళ్లీ కొలిచాడు. అయిదున్నర. నిన్నటి లెక్క ఆరు కదా, ఒక్క రోజులో సూర్యుడు అంత ఉత్తరానికి జరిగాడా, లేక తాతయ్య స్కేలు సున్నా వైపు అంచు అరిగిపోయిందా అని ఇద్దరూ ఇప్పటికీ ఫోన్లో వాదించుకుంటూనే ఉన్నారు.